వ్యాయామ యంత్రాల కేలరీ లెక్క

ట్రెడ్‌మిల్, సైకిల్, చేతి గడియారం, ఫోన్ యాప్‌ల తెర మీద కనిపించే ‘ఖర్చయిన కేలరీలు’ కొలిచి చెప్పినవి కావు. బెల్టు వేగం, పెడల్ మీద పడిన బలం, గుండె వేగం, చేతి కదలిక వంటి మరేదో కొలిచి, దాని నుంచి సూత్రం ద్వారా రాబట్టిన అంచనాలు. (ఇక్కడ కేలరీ అంటే కిలోకేలరీ.) కొలిచిన ఆ ‘మరేదో’ ఒంట్లో జరిగే దహనానికి ఎంత దూరమైతే అంచనా అంతగా తప్పుతుంది.

ఆ దహనాన్నే పట్టుకోవాలని చూసిన తొలి ప్రయోగాల్లో ఒకటి 1782–83 చలికాలంలో పారిస్‌లో జరిగింది. శాస్త్రవేత్తలు లావోయిజర్, లాప్లాస్ ఒక గినీ పందిని మంచు నింపిన పాత్ర మధ్య ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. కొన్నేళ్ల తర్వాత లావోయిజర్ తన సహచరుడు సెగ్విన్ ముఖానికి తొడుగు పెట్టి పని చేయించి, పని పెరిగితే పీల్చే ఆక్సిజన్ కూడా పెరుగుతుందని చూపాడు. ఇవాళ్టి అంచనాలన్నిటికీ మూలం ఈ రెండో ప్రయోగమే.

1890లలో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఆట్‌వాటర్, రోజా మనిషి పట్టేంత గదినే కేలరీమాపకంగా కట్టారు. లోపలి మనిషి రోజుల తరబడి అందులోనే తిని, పడుకుని, కొన్ని ప్రయోగాల్లో సైకిలు కూడా తొక్కేవాడు. గొట్టాల్లో పారే నీరు అతని వేడిని మోసుకుపోయేది. తిన్న ఆహారపు శక్తికీ వెలువడిన వేడికీ మధ్య తేడా ఒక శాతం అటూ ఇటూ మాత్రమే. ఇంత కచ్చితత్వం తర్వాతి ఏ జిమ్ యంత్రానికీ దక్కలేదు.

గదిని జిమ్‌కు మోసుకెళ్లలేం గనుక ఊపిరి వైపు మళ్లారు. 1911లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డగ్లస్ వదిలిన ఊపిరిని పట్టే సంచిని రూపొందించాడు. 1949లో వీర్ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలతల నుంచి కేలరీలు లెక్కించే సూత్రం ఇచ్చాడు. లీటరు ఆక్సిజన్‌కు సుమారు 5 కేలరీలన్న మోటు లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

ట్రెడ్‌మిల్‌కు మాత్రం ఊపిరితో పని లేదు. వేగం, వాలు, చెప్పిన బరువు తీసుకుని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అనే సంస్థ సూత్రం వంటిదానిలో వేస్తుంది. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున అరగంట నడిస్తే ఆ సూత్రం ప్రకారం సుమారు 120 కేలరీలు. అందులో 35 దాకా కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. తెర ఆ ముక్క చెప్పదు. పక్క కమ్మీ పట్టుకుని వేలాడితే కాళ్ల శ్రమ తగ్గుతుంది, అంకె తగ్గదు. పైగా ఆ సూత్రం వాడే, విశ్రాంతిలో కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అన్న ప్రమాణమే చాలామందికి ఎక్కువ. 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సగటు 2.6 మాత్రమే వచ్చింది. భారతీయుల విశ్రాంతి ఖర్చును అంతర్జాతీయ సూత్రాలు ఎక్కువగా చూపుతున్నాయని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు వాటిని సుమారు 5 శాతం తగ్గించి వాడారు. విదేశీ ట్రెడ్‌మిల్‌కు ఈ సవరణ తెలియకపోవడంలో వింతేమీ లేదు.

ఉన్న యంత్రాల్లో నిజాయితీ గలది శక్తిని వాట్లలో కొలిచే సైకిల్. తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో 20–25 శాతమే పెడల్‌కు చేరుతుంది. ఒక కేలరీ అంటే 4.18 కిలోజౌళ్లు. ఈ రెండూ దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో పెడల్ మీద చేసిన కిలోజౌళ్లే ఇంచుమించు ఖర్చయిన కేలరీలవుతాయి. రోయింగ్ యంత్రాలు చేసే కాన్సెప్ట్2 తన సూత్రాన్ని బహిరంగంగానే ఉంచింది: వాట్లను 25 శాతం సామర్థ్యంతో కేలరీలుగా మార్చి, ఎవరికైనా గంటకు 300 కలుపుతుంది. ఆ 300 సుమారు 79 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకున్నది. 50 కిలోల అమ్మాయికీ తెర అదే చూపుతుంది గనుక, బరువును బట్టి సరిచూసుకునే లెక్కను కంపెనీ విడిగా ఇచ్చింది.

1982లో ఫిన్లాండ్ కంపెనీ పోలార్ తీగల్లేని గుండె వేగమాపకాన్ని తెచ్చాక లెక్క నాడి మీదికి మారింది. కానీ ఎండ, కాఫీ, భయం కూడా గుండె వేగాన్ని పెంచుతాయి. బీటా బ్లాకర్ మాత్రలు తగ్గిస్తాయి. 2009లో ఫిట్‌బిట్ తొలి పరికరం కదలికను ఆధారం చేసుకుంది. మణికట్టుకు కట్టే పరికరాలకు సైకిల్ తొక్కడం, బరువులెత్తడం సరిగా అందవు: శ్రమ ఎక్కువ, చేతి ఊపు తక్కువ.

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది మీద ఏడు మణికట్టు పరికరాలను పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగం తప్పు 5 శాతం లోపే. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మెరుగైనదే సుమారు 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. నాడి దాకా కొలత బాగానే ఉంది. చెడింది నాడి నుంచి కేలరీలకు దాటే సూత్రం దగ్గరే. ఆ సూత్రాలను గడియారాల కంపెనీలు చాలావరకు బయటపెట్టవు. అందుకే సాఫ్ట్‌వేర్ నవీకరణ తర్వాత అదే నడకకు వేరే అంకె వచ్చినా, ఏది మారిందో వాడేవారికి తెలిసే దారి లేదు.