వానను ఆపి, చెమటను వదిలే బట్ట

1818లో ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒక చిన్న సంగతి కనిపెట్టాడు. బొగ్గునుంచి దీపాల గ్యాసు తీయగా మిగిలే తారును మరిగించి చల్లబరిస్తే నాఫ్తా అనే ద్రవం వస్తుంది. రబ్బరు అందులో చక్కగా కరుగుతుంది. కరిగిన రబ్బరును బట్టకు పూస్తే నీళ్లు దిగవు. ఈ మాట ఒక పత్రికకు రాసి పంపి, సైమ్ తన వైద్యం చదువులో పడిపోయాడు. తర్వాత ఆయన బ్రిటన్ అంతా పేరున్న శస్త్రవైద్యుడయ్యాడు. ఆపరేషన్ గదుల్లో క్రిములను చంపే పద్ధతి తెచ్చిన జోసెఫ్ లిస్టర్‌కు పిల్లనిచ్చిన మామ ఆయనే.

పేటెంటు తీసుకున్నది గ్లాస్గోలో రంగుల వ్యాపారం చేసే చార్లెస్ మాకింతోష్. ఊళ్లోని గ్యాసు కంపెనీ పారబోయాల్సిన తారును కొనే ఒప్పందం ఆయనకు అప్పటికే ఉంది. తారులోంచి వచ్చిన నాఫ్తాను ఏం చేయాలో తోచక వెతుకుతూ రబ్బరు దగ్గరకు వచ్చాడు. రబ్బరు పూసిన బట్ట చేతికి అంటుకుంటుంది, ఎవరూ తొడుక్కోరు. అందుకని రెండు బట్టల మధ్య రబ్బరు పొరను పెట్టి నొక్కాడు. 1823లో ఆ పేటెంటు, మరుసటి ఏడు మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ వచ్చాయి. ఇంగ్లండులో ఇవాళ్టికీ వాన కోటును ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ తొలి కోట్లు ఎండకు జిగురుగా మారేవి, చలికి అట్టలా బిగుసుకునేవి, వాసన కొట్టేవి. దర్జీ సూది దిగిన ప్రతి చోటా నీళ్లు కారేవి. 1843లో థామస్ హాంకాక్ రబ్బరును గంధకంతో వేడిచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఎండా చలీ తెచ్చిన ఇబ్బంది తీరింది. తీరని ఇబ్బంది మాత్రం ఒకటి మిగిలింది. ఆ కోటు వేసుకుని నాలుగడుగులు వేగంగా నడిస్తే లోపలి చొక్కా తడిసిపోయేది. పైన వాన ఆగింది, లోపల చెమట చిక్కుకుపోయింది.

చలికాలపు కొండనడక తెలిసినవారికి ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు. స్కాట్లండులోని బెన్ నెవిస్ ఎత్తు 1,345 మీటర్లే. హిమాలయాల లెక్కలో అదొక గుట్ట. కానీ దాని శిఖరం మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు పైగా వానా మంచూ పడతాయి. తెలుగునాట సగటు వెయ్యిలోపే. అక్కడి చలికాలం తరచు సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఊగుతుంది. అంటే ఎండు మంచు కంటే సగం కరిగిన మంచు, వాన, గాలి ఎక్కువ. అలాంటి చోట నిటారు వాలు ఎక్కుతున్న మనిషి ఒంటినుంచి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోగలదు. పైకి చేరి ఆగిన క్షణం నుంచి ఒళ్లు వేడి పుట్టించడం తగ్గిస్తుంది, తడిసిన బట్ట మాత్రం ఒంటికి అతుక్కునే ఉంటుంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కొండ మీద నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి, మేఘం నుంచీ ఒంటి నుంచీ. మొదటిదాన్ని పూర్తిగా ఆపుతూనే ఆ రెండోదాన్ని బయటికి వదలడానికి బట్టలు తయారుచేసేవాళ్లకు ఇంచుమించు 150 ఏళ్లు పట్టింది. ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ ఆలస్యమే.

గొర్రెల కాపరులకు మాత్రం ఇది ఎప్పుడో తెలుసు. తెలంగాణలో కురుమలు నేసే గొంగడిని చూడండి. దక్కను గొర్రె ముతక ఉన్ని, చింతగింజల గంజి పెట్టి బిగించిన నూలు. ముసురులో కాపరి దాన్ని తలమీద కొప్పులా మడిచి కప్పుకుని మంద వెంట తిరుగుతాడు. పైకి తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. వంకర్లు తిరిగిన ఉన్ని పోగుల మధ్య గాలి నిలుస్తుంది. పైగా ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా చెమ్మను తనలోకి లాక్కుని కూడా పొడిగా తోస్తుంది. బరువు ఒక్కటే దాని లోపం.

ఇంగ్లండు కాపరుల ఒంటి మీది బట్ట చూసే థామస్ బర్బెర్రీకి ఆలోచన వచ్చిందని చెబుతారు. బేసింగ్‌స్టోక్‌లో 1856లో, ఇరవై ఒకటో ఏట బట్టల దుకాణం పెట్టిన మనిషి. 1879లో గాబర్డిన్ తయారుచేశాడు, 1888లో పేటెంటు తీసుకున్నాడు. నేసిన బట్టకు పూత పూయడం మానేసి, నేయకముందే నూలుకు నీళ్లు అంటని మందు పట్టించి, తర్వాత చాలా దగ్గరగా నేయించాడు. పోగుల మధ్య సందుల్లోంచి ఆవిరి బయటికి పోతుంది, వాన చుక్క చాలాసేపు పైనే జారుతుంది. రబ్బరంత గట్టిగా ఆపదు, కుండపోత వానకు తడుస్తుంది. అయినా ఊపిరాడే బట్ట అది. ధ్రువ యాత్రికులు షాకిల్టన్, స్కాట్ దాన్నే అంటార్కిటికాకు తీసుకెళ్లారు.

1924లో ఎవరెస్టు మీద కనబడకుండా పోయిన జార్జ్ మాలరీ వేసుకున్నదీ గాబర్డిన్ కోటే. 1999లో ఆయన దేహం దొరికినప్పుడు దాని కింద పట్టు, నూలు, ఉన్ని బట్టలు పొరలు పొరలుగా కనబడ్డాయి. ట్వీడ్ కోట్లతో ఎవరెస్టు ఎక్కబోయిన పెద్దమనుషులు అని అప్పటిదాకా చెప్పుకున్న మాటను ఆ గుడ్డముక్కలు చెరిపేశాయి. వాటి ప్రకారం కొత్తగా కుట్టించి 2006లో ఎవరెస్టు మీద తొడిగి చూస్తే తేలిగ్గా, వెచ్చగా ఉన్నాయని తేలింది. పొర మీద పొర వేస్తే పొరల మధ్య గాలి నిలుస్తుందని, పట్టు మీద ఉన్ని ఒరుసుకోకుండా జారుతుందని ఆ దర్జీలకు బాగా తెలుసు.

మాలరీ చివరి యాత్రకు రెండేళ్ల ముందు, 1922 ఎవరెస్టు యాత్రలో, జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో దారి తొక్కాడు. బెలూన్లకు వాడే బట్టలో ఐడర్ బాతు నూగు కూరి తనే ఒక కోటు చేయించుకున్నాడు. తోటివాళ్లు దాన్ని చూసి నవ్వారు. పైకి వెళ్లాక గాలి దెబ్బ తగిలిన మీదట అదే కోటును ఆశగా చూశారు. ఈనాటి పర్వతారోహకులు వేసుకునే ఉబ్బెత్తు డౌన్ జాకెట్లకు అది పూర్వరూపం. 1952 నుంచి 1957 దాకా పుణేలోని మన నేషనల్ కెమికల్ లాబొరేటరీకి డైరెక్టర్‌గా పనిచేసినది ఈ ఫించే. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

అమెరికాలో ఆ పని ఎడ్డీ బాయర్ చేతికి వచ్చింది, ప్రాణం మీదికి వచ్చాక. సియాటిల్‌లో ఆట సామాన్ల దుకాణం నడిపే బాయర్ 1930ల మధ్యలో ఒక చలికాలం చేపల వేటకు వెళ్లాడు. బరువైన చేపల మూటతో లోయలోంచి నిటారు గట్టు ఎక్కుతుంటే ఉన్ని చొక్కా చెమటకు తడిసి, వీపు మీదే గడ్డకట్టింది. నిద్ర ముంచుకొచ్చి కూలబడిపోయాడు. స్నేహితుడు తిరిగి వచ్చి లేపకపోతే అక్కడే అయిపోయేవాడు. ఆయన్ని చావు దాకా తీసుకెళ్లింది వాన కాదు, తన ఒంటి చెమటే. తిరిగొచ్చి పెద్దబాతు నూగును గళ్లు గళ్లుగా కుట్టి, ఒక పక్కకు జారకుండా చేసి 1936లో జాకెట్టు తయారుచేశాడు, 1940లో పేటెంటు పొందాడు. అయితే నూగుకూ నీళ్లే శత్రువు. తడిస్తే ఉండ కట్టుకుపోతుంది, లోపలి గాలి పోతుంది, వెచ్చదనమూ పోతుంది.

అదే కాలంలో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అగ్నిమాపక గొట్టాల కోసం తల పట్టుకున్నారు. గొట్టాలకు కావాల్సిన అవిసె నారకు రెండో ప్రపంచ యుద్ధం వల్ల కరువొస్తుందని భయం. పత్తితో నేస్తే నీళ్లు ఆగేలా చేయగలమా అని చూశారు. పొడవు పింజె పత్తిని అతి దగ్గరగా నేస్తే, నీళ్లు తగలగానే నూలు ఉబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు మాత్రం ఆవిరి పోతుంది. దీనికి వెంటైల్ అని పేరు పెట్టారు. గొట్టాల కంటే ముఖ్యమైన పని దానికోసం కాచుకుని ఉంది. ఆర్కిటిక్ సముద్రంలో సరుకు ఓడలను కాపాడే యుద్ధవిమానాలను ఓడ మీదినుంచి ఎగరేసేవారు, దిగడానికి చోటుండేది కాదు. పైలట్ సముద్రంలోకి దూకాల్సిందే. ఆ నీళ్లలో ప్రాణం కొన్ని నిమిషాలు. వెంటైల్ సూటు వేసుకుని విమానంలో చెమట పట్టకుండా కూర్చోవచ్చు, నీళ్లలో పడితే పడవ వచ్చి అందుకునేదాకా బతకవచ్చు. యుద్ధం అయ్యాక ఆ బట్ట కొండల మీదికి వచ్చింది. దాని ధర ఎక్కువ, తడిస్తే బరువు, ఆరడానికి చాలాసేపు పడుతుంది.

1964 మార్చి 14న డెర్బీషైర్ కొండల్లో జరిగిన ఘోరం ఇంకో పాఠం నేర్పింది. ఫోర్ ఇన్స్ అనే ఏటేటా జరిగే సుదూర నడకలో పాల్గొన్న యువకుల్లో ముగ్గురు చనిపోయారు. అక్కడ మంచు తుఫాను లేదు, చలి సున్నాకు పైనే. ఉన్నదల్లా ఎడతెగని వాన, గాలి, అలసట. 1953 ఎవరెస్టు యాత్రలో శరీరధర్మ శాస్త్రవేత్తగా వెళ్లిన గ్రిఫిత్ ప్యూ ఈ మరణాలను పరిశీలించాడు. తర్వాత ప్రయోగశాలలో మనుషులకు తడి బట్టలు కట్టించి, గాలి వీచే గదిలో సైకిల్ తొక్కించి కొలతలు తీశాడు. పొడిగా ఉన్నప్పుడు సరిపోయే బట్టలు తడిసి, గాలి తగిలితే వెచ్చదనంలో చాలా భాగం కోల్పోతాయని తేలింది. నడిచినంతసేపూ ఒళ్లు ఆ నష్టాన్ని పూడుస్తుంది, అలసిపోగానే పూడ్చలేదు. ఆ ముగ్గురిని బలి తీసుకున్నది ఈ లెక్కే. డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ కొండ ఎక్కడానికి వెళ్లే మన పిల్లల్లో కొందరు జీన్స్ ప్యాంటు, నూలు టీషర్టు మీద జాకెట్టు వేసుకుని బయల్దేరతారు. ప్యూ పరిశీలన వాళ్లు చదివి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అప్పటికి దొరికేది కాగూల్ అనే, పూత పూసిన నైలాన్ వాన కోటు. తేలికే కానీ, మాకింతోష్ పాత ఇబ్బందే అందులోనూ. ద్రవంగా ఉన్న నీటిని ఆపాలి, ఆవిరిగా ఉన్న నీటిని వదలాలి. ఆ చిక్కుముడికి దారి బట్టల లోకానికి సంబంధమే లేని చోట దొరికింది.

1938లో అమెరికా రసాయన కంపెనీ డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ కనిపెట్టాడు. మన వంటింటి నాన్‌స్టిక్ పెనాల మీది టెఫ్లాన్ అదే. దేనికీ అంటుకోదు, నీళ్లను దగ్గరికి రానివ్వదు. డ్యూపాంట్‌లో పనిచేసిన బిల్ గోర్ దానితో కరెంటు తీగలకు తొడుగు వేయవచ్చని నమ్మి, ఉద్యోగం మాని 1958లో భార్య జెనెవీవ్‌తో కలిసి ఇంటి నేలమాళిగలోనే కంపెనీ పెట్టాడు. 1969లో వాళ్ల కొడుకు బాబ్ గోర్ అదే ప్లాస్టిక్‌ను సాగదీసి తక్కువ సరుకుతో ఎక్కువ టేపు తీయాలని చూస్తున్నాడు. వేడిచేసిన కడ్డీని జాగ్రత్తగా, మెల్లగా లాగితే ప్రతిసారీ తెగిపోయేది. అక్టోబరులో ఒక రాత్రి విసుగెత్తి ఒక్క ఉదుటున లాగాడు. తెగలేదు, ఇంచుమించు పదింతలు సాగింది. అంత సాగినా సన్నబడలేదు, లోపలంతా గాలి నిండింది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది చిన్న ముడులను పీచులు కలిపిన వల. దాని రంధ్రాల్లో నీటి చుక్క పట్టదు, ఆవిరి అణువు దూరిపోతుంది.

ఇదే పని న్యూజిలాండ్‌లో జాన్ క్రాపర్ అంతకు మూడేళ్ల ముందే చేశాడు, యంత్రం కూడా కట్టాడు. కానీ రహస్యంగా దాచుకున్నాడు. 1983లో అమెరికా కోర్టు, దాచిన విద్య తర్వాత బయటపెట్టినవాడి హక్కును కొట్టేయదని తేల్చింది. ఆ తీర్పు న్యాయంగానే ఉంది, అయినా క్రాపర్ పేరు ఇక్కడ చెప్పకపోతే నాకు మనసొప్పదు.

గోర్‌టెక్స్ బట్ట 1976లో అమ్మకానికి వచ్చింది. మొదటి జాకెట్లు కొన్నాళ్లకు కారాయి. ఒంటి జిడ్డు ఆ పొరలోకి ఇంకి, నీటిని తరిమే గుణాన్ని చెడగొట్టింది. లోపలివైపు ఇంకో సన్నని పాలియురెథేన్ పొర వేసి ఆ లోపం సరిదిద్దారు. సూది రంధ్రాల మీద టేపు అతికించడం కూడా అప్పుడే కుదిరింది. మాకింతోష్ దర్జీల కాలం నాటి కుట్ల సమస్య అలా తీరింది.

పై కోటు ఆవిరిని వదిలినా, ఒంటిని అంటుకున్న చొక్కా చెమటను పైకి పంపకపోతే లాభం లేదు. నార్వేలో 1933లో హెన్రిక్ బ్రున్ చేపల వలతో బనియన్ కుట్టాడు. పెద్ద పెద్ద కన్నాల్లో గాలి నిలిచి వెచ్చగా ఉండేది. 1970ల్లో నీళ్లు పీల్చని పాలీప్రొపిలీన్ లోదుస్తులు వచ్చాయి. ఉన్ని స్వెట్టరు చోటును మసాచుసెట్స్‌లోని మాల్డెన్ మిల్స్ తయారుచేసిన పోలార్‌ఫ్లీస్ తీసుకుంది. పాలిస్టర్ నూగు, తడిసినా పిండి విదిలిస్తే మళ్లీ వెచ్చన. 1995 డిసెంబరులో ఆ మిల్లు తగలబడితే యజమాని ఆరన్ ఫ్యూయర్‌స్టీన్ పని లేని నెలల్లోనూ కార్మికులకు జీతాలిచ్చాడు. కొన్నేళ్లకు కంపెనీ దివాలా తీసింది. ఎక్కడ ఫ్లీస్ చొక్కా చూసినా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. పై బట్ట మీద నీటి చుక్కలు ముత్యాల్లా దొర్లేలా వేసే పూత కొన్నాళ్లకు అరిగిపోతుంది. అప్పుడు పై బట్ట నీళ్లు తాగి బరువెక్కుతుంది, కింది పొర ఎంత మంచిదైనా ఆవిరికి దారి దొరకదు. ఆ పూతలోనూ పొర తయారీలోనూ వాడిన ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీళ్లలో, మనిషి రక్తంలో చేరి పోకుండా ఉండిపోతాయని తేలింది. వాటిలో ఒకటైన పీఎఫ్ఓఏను 2019లో స్టాక్‌హోం ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. మనల్ని పొడిగా ఉంచినందుకు వాగులు విషమయ్యాయంటే ఆ లెక్క సరిచేయాల్సిందే. 2022లో గోర్ కంపెనీ సాగదీసిన పాలిథిలీన్‌తో కొత్త పొర తెచ్చింది.

ఫ్లోరిన్ లేని కొత్త పూతలు నీటిని బాగానే తరుముతాయి కానీ జిడ్డును ఆపలేవు. అందుకే ఇప్పటి జాకెట్టును తరచుగా ఉతకాలి, మామూలు సబ్బుపొడి మరకలా మిగలకుండా శుభ్రంగా జాడించాలి, లేబుల్ మీద అనుమతి ఉంటే కాసేపు సన్నని వేడి చూపించాలి. వేడి తగిలాక నీటి చుక్కలు మళ్లీ దొర్లుతాయి. నిటారు వాలు మొదలయ్యే ముందే ఒక పొర తీసి సంచిలో పెట్టుకోవాలి, చంకల కింది జిప్పులు తెరవాలి. బయట గాలే చెమ్మతో నిండి ఉన్న ముసురు రోజున ఏ పొరా ఆవిరిని చాలినంత వేగంగా పంపలేదు.