నీలిరంగు నుండి జొన్ననాము దాకా



జొన్న కోసిన చేలో ఒక మంచి వాన పడితే చాలు, మోళ్ళకు మళ్ళీ పచ్చని పిలకలు పుట్టుకొస్తాయి. చూడటానికి లేతగా, కంటికి ఇంపుగా వుంటాయి. పశువు అటే మెడ చాస్తుంది. కాని గొడ్లు కాసే కుర్రవాడికి కూడా తెలుసు, అక్కడ పలుపు వదలకూడదని. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు నాము. నాము తిన్న గొడ్డు దక్కదంటారు. ఈ మాట పుస్తకాలలో నుంచి రాలేదు. గొడ్లను పోగొట్టుకొని నేర్చుకొన్న మాట.

మరి నాము అంటే యేమిటి? కంటికి కనపడదు. తెగులు కాదు, పురుగు కాదు. నిన్న తిన్న చేలోనే ఇవాళ చంపుతుంది. ఈ ప్రశ్నకు జవాబు వెతకటం జొన్నచేలో మొదలు కాలేదు. ఎక్కడో జర్మనీ దేశంలో, బెర్లిను నగరంలో, ఒక రంగులు చేసే ఆయన పొయ్యి మీద మొదలయింది. అక్కడి నుంచి జొన్న ఆకు దాకా రావటానికి సుమారు రెండువందల యేళ్ళు పట్టింది.

ఆ కథలోకి పోయే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. నా చిన్నతనంలో ఒక యేడు వానలు వెనకపట్టాయి. జొన్నపైరు నడుమెత్తు పెరిగి, ఆకు చుట్ట చుట్టుకొని, అట్లాగే నిలిచిపోయింది. ఇక కంకి వెళ్ళదని తేలిపోయాక, గొడ్లకన్నా పనికి వస్తుంది గదా అని మా నాయన ఒక మోపు కోసుకొచ్చి గాట్లో వేశాడు. అది పిలక కాదు, మొదటి పైరే. నాము యెందుకుంటుందనుకొన్నారు. కాసేపటికే దాపటి యెద్దు డొక్కలు ఎగరేస్తూ రొప్పింది. నోట నురగ వచ్చింది. కాళ్ళు తడబడి కూలిపోయింది. పశువుల డాక్టరుగారి కోసం మనిషి బయలుదేరేలోపలే ప్రాణం పోయింది. మాకూ పక్కచేను మామయ్యకూ అప్పటికే గట్టు తగాదా వున్నది. యెవరో విషం పెట్టారన్నారు. యెవరో అంటే యెవరో ఊళ్ళో అందరికీ అర్థమయింది. రెండేళ్ళపాటు రెండిళ్ళ మధ్య మాటలు లేవు. మా అక్క పెళ్ళికి ఆయనను పిలవలేదు.

ఇక బెర్లినుకు పోదాం. 1706 ప్రాంతంలో డీస్‌బాఖ్ అనే ఆయన ఒక యెర్రరంగు తయారు చేయబోయాడు. పటిక, అన్నభేది, ఒకరకం పురుగుల నుంచి తీసిన యెరుపు, కాస్త క్షారం, ఇవీ సరుకులు. క్షారం చేతిలో లేక డిప్పెల్ అనే మరొకాయన దగ్గర తెచ్చుకొన్నాడు. ఆ క్షారం అంతకు ముందే పశువుల నెత్తురు నుంచి తీసిన తైలాన్ని శుద్ధి చేయటానికి వాడినది. సరుకులన్నీ కలిపితే యెరుపు రాలేదు. మునుపెన్నడూ చూడని గాఢమైన నీలం వచ్చింది. అదే ప్రష్యా నీలం. చిత్రకారులూ, అద్దకంవాళ్ళూ యెగబడి కొన్నారు. ఆ నీలంలో వున్నదేమిటో మాత్రం యెవరికీ తెలియలేదు. నెత్తుటికీ, ఇనుముకూ యేదో చుట్టరికం వున్నదని మాత్రం తేలింది.

1752లో మాకేర్ అనే ఫ్రెంచి పండితుడు ఆ నీలాన్ని క్షారంలో కాచాడు. రంగు విరిగిపోయింది. అడుగున ఇనుపతుప్పు మిగిలింది. మరేదో పదార్థం క్షారంలోకి దిగిపోయింది. ఆ క్షారంలో మళ్ళీ ఇనుపలవణం కలిపితే నీలం తిరిగి వచ్చింది! అంటే ఇనుముతో కూడితే నీలమయ్యే పదార్థం ఒకటి వున్నదన్నమాట. 1782లో స్వీడను దేశపు మందుల షాపు ఆయన, షీలే, దానిని ఆమ్లంతో వేరుచేసి నీటిలో పట్టాడు. దాని వాసన యెట్లా వుందో, రుచి యెట్లా వుందో కూడా వ్రాసిపెట్టాడు. ప్రపంచంలోని మహాభయంకరమైన విషాలలో ఒకదానిని నాలుక మీద వేసుకొని బతికి బయటపడ్డాడు, పాపం! అదేమిటో ఆయనకు తెలియదు. నీలం పేరుమీదుగా దానికి ప్రష్యా ఆమ్లం అనే పేరు పడింది. మనం ఇప్పుడు హైడ్రోజన్ సయనైడ్ అంటున్నాము.

అసలు రహస్యం 1815లో పారిసులో గేలుస్సాక్ చేతిలో తేలింది. ఇందులో వున్నవి మూడే సరుకులు: హైడ్రోజను, కర్బనం, నత్రజని. కొత్త సంగతి యేమిటంటే, ఆ కర్బనమూ నత్రజనీ జోడెడ్ల మాదిరి. కాడి విప్పకుండా ఒక బండి నుంచి మరొక బండికి మారుతాయి. పాదరసం లవణంలో వున్నా అదే జోడు, వెండి లవణంలో వున్నా అదే జోడు. దానికి ఆయన సయనోజన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో నీలానికి వున్న మాట అందులో వుంది. జోడుకు జోడు కలిస్తే ఒక వాయువు అవుతుంది. అది గూడా విషమే.

ఈ జోడు నడవడి అచ్చం క్లోరిన్ నడవడి. బావిలో చల్లే బ్లీచింగు పౌడరులోని క్లోరిన్, ఉప్పులోని క్లోరిన్, గాయానికి పూసే టింక్చరులోని అయొడిన్, వీటిని హాలోజనులంటారు. క్లోరిన్ పరమాణువులు రెండు కలిసి వాయువవుతాయి. ఈ జోళ్ళూ రెండు కలిసి వాయువవుతాయి. క్లోరిన్ హైడ్రోజనుతో కలిస్తే ఆమ్లం. ఇదీ అంతే, కాకపోతే చాలా బలహీనమైన ఆమ్లం. ఉప్పునీటిలో వెండి ద్రావకం చుక్క వేస్తే పెరుగు విరిగినట్లు తెల్లగా అడుగుకు దిగుతుంది. సయనైడ్ నీటిలోనూ అట్లాగే దిగుతుంది. ఒక మూలకం వేషాన్ని రెండు మూలకాల జోడు ఇంత బాగా కడుతుందని యెవరనుకొంటారు? మన పగటివేషగాళ్ళు కూడా ఇంత చక్కగా కట్టరు. 1925లో బిర్కెన్‌బాఖ్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు జర్మనులు ఇటువంటివాటికి మిథ్యాహాలోజనులని పేరు పెట్టారు. సయనైడుకు ప్రాణవాయువు తోడైతే సయనేట్, గంధకం తోడైతే థయోసయనేట్. ఈ కడపటిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పని వుంది.

సయనేట్ మాట వచ్చింది గనుక ఒక్క సంగతి. 1828లో వోలర్ అనే జర్మను పండితుడు అమోనియం సయనేట్ చేయబోతే యూరియా తయారయింది. అంతవరకూ యూరియా అంటే జంతువుల మూత్రంలో తప్ప దొరకనిది. మీరు బస్తాలకు బస్తాలు చల్లే యూరియాను ఫ్యాక్టరీలలో ఇప్పుడు వేరే పద్ధతిలో చేస్తారు గాని, మనిషి చేతితో అది మొదట పుట్టింది ఈ కుటుంబంలోనే. చంపే జోడే, చేర్పు మారితే పైరుకు బలం!

మళ్ళీ విషానికి వద్దాం. రంగు నుంచి పుట్టిన ఈ ఆమ్లం చేదుబాదం పప్పులోనూ వున్నదని 1800 తరువాత కొద్ది యేళ్ళకే బయటపడింది. అయితే ఒక చిక్కు. పప్పు విరవకుండా వుంటే విషం కనపడదు; నూరి తడిపితేనే పుడుతుంది. 1837లో వోలర్, లీబిగ్ కలిసి ఆ ముడి విప్పారు. పప్పులో విషం విషంగా లేదు. చక్కెరతో ముడిపడి, మూటగట్టి వుంది. ఆ మూట విప్పే ఎంజైము కూడా ఆ పప్పులోనే, కాని వేరే చోట వుంది. నమిలినా, నూరినా, రెండూ కలుస్తాయి. అప్పుడు మూట విడిపోయి విషం బయటపడుతుంది. తాళం ఒకచోట, తాళంచెవి ఒకచోట పెట్టినట్లే.

1902లో లండనులో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు లేత జొన్నమొక్కలను పరీక్షించి, వాటిలోనూ ఇటువంటి మూటే వున్నదని కనిపెట్టారు. జొన్నకు అరబ్బీలో వున్న ధుర్రా అనే పేరుమీదుగా దానికి ధురిన్ అని పేరు పెట్టారు. మనం నాము అన్నదీ అదే. ఆకు పైపొరలోని కణాలలో ధురిన్, లోపలి కణాలలో ఎంజైము వుంటాయని 1979లో తేలింది. ఆకు నలగనంతసేపూ యేమీ లేదు. పశువు నమిలిందా, రెండూ కలిశాయి. పైగా ఆవు, గేదె, మేక వంటి నెమరువేసే జంతువుల మొదటి పొట్టలో వుండే సూక్ష్మజీవులకు కూడా ఆ మూట విప్పటం తెలుసు. అందుచేత గుర్రం కంటే యెద్దుకు ముప్పు ఎక్కువ.

చంపటం యెట్లా? ఇక్కడ మొదటి కథ మళ్ళీ వస్తుంది. ఈ జోడుకు ఇనుము మీద మమకారం. ఇనుముతో కూడే డీస్‌బాఖ్ గిన్నెలో నీలమయింది. ఆ నీలంలో ఇనుము దాన్ని గట్టిగా పట్టి వుంచుతుంది గనుకనే ఆ రంగు అంత ప్రమాదం కాదు. పశువు ఒంట్లో ప్రతి కణంలోనూ ప్రాణవాయువును వాడుకొనే ఎంజైము ఒకటి వున్నది. దాని గుండెకాయ ఇనుము. సయనైడు పోయి దానిని పట్టుకొంటుంది. ఇక నెత్తుటిలో ప్రాణవాయువు నిండుగా వున్నా కణాలు వాడుకోలేవు. గాదె నిండా ధాన్యం వుండి, తలుపు పడిపోయినట్లు. అందుకే నాము తగిలిన గొడ్డు నెత్తురు నల్లగా వుండదు. చెక్కుచెదరని యెరుపుగా వుంటుంది. రొప్పుతూ, యెగశ్వాసతో కూలిపోవటానికి కారణం ఇదే.

లెక్క చెప్తాను. పశువు బరువు కిలోకు సుమారు రెండు మిల్లీగ్రాముల విషం ఒక్కసారిగా పడితే చాలంటారు. 300 కిలోల యెద్దుకు 600 మిల్లీగ్రాములు, అంటే గ్రాముకు కాస్త పైన సగం. కిలో పచ్చమేతలో 200 మిల్లీగ్రాములు వున్నదనుకోండి, మూడు కిలోలు సరిపోతుంది. మోపు అక్కరలేదు, ఒక చిన్న కట్ట చాలు. అయితే నిదానంగా కొద్దికొద్దిగా తింటే పశువు తట్టుకొంటుంది. దాని కాలేయంలో ఒక ఎంజైము వున్నదని 1933లో లాంగ్ అనే జర్మను పండితుడు కనిపెట్టాడు. అది సయనైడుకు గంధకం తగిలించి థయోసయనేటుగా మారుస్తుంది. అదేమంత విషం కాదు, మూత్రంలో పోతుంది. ఆకలి మీద వున్న గొడ్డు ఆబగా తిన్నప్పుడే ఆ ఎంజైముకు వ్యవధి చాలదు.

మొలకలో, లేత మొక్కలో, పిలకలో ధురిన్ ఎక్కువ. పైరు ముదిరేకొద్దీ తగ్గుతుంది. గింజలో భయం లేదు. అయితే బెట్టకు వాడి, యెదుగుదల ఆగిన పైరులో మళ్ళీ పెరుగుతుంది. నత్రజని యెరువు దండిగా వేసిన తరువాత బెట్ట వస్తే మరీ ముప్పు. మా నాయన కోసుకొచ్చిన మోపు సరిగ్గా ఇటువంటిదే. ఈ సంగతి ఆయనకు రెండేళ్ళ తరువాత ఒక పశువైద్యుడు మాటల సందర్భంలో చెప్పాడు. ఆ సాయంత్రం నాయన కండువా భుజాన వేసుకొని పక్కింటికి వెళ్ళాడు. లోపల యేమి మాట్లాడుకొన్నారో నాకు తెలియదు. చీకటి పడ్డాక మామయ్య లాంతరు పట్టుకొని మా గుమ్మం దాకా సాగనంపటానికి వచ్చాడు.

ఇక విరుగుడు. పూర్వం మనవాళ్ళు బెల్లంనీళ్ళు, మజ్జిగ పోసేవారు. వాటి మీద ఆధారపడి కూర్చోవద్దు. వ్యవధి నిమిషాలలో వుంటుంది. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు, ఈ రెంటినీ కలిపి వాడితే సయనైడు విషం విరుగుతుందని 1933లో చెన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ అమెరికాలో చూపించారు. మొదటిది నెత్తుటిలోని కొంత ఇనుమును మార్చి సయనైడుకు యెరగా పెడుతుంది. కణాలను వదిలి అది ఆ ఇనుము దగ్గరకు పోతుంది. మమకారాన్ని మమకారంతోనే పట్టారన్నమాట! రెండవది గంధకం అందిస్తుంది. కాలేయం దాన్ని థయోసయనేటు చేసి బయటకు పంపుతుంది. ఈ రెండవ మందే ఫొటోగ్రాఫర్లు వాడే హైపో. మందే గదా అని మీరే పోయవద్దు. నైట్రైటు మోతాదు తప్పితే అదీ చంపుతుంది. నరంలోకి ఎక్కించవలసినది పశువైద్యుడే.

ముందు జాగ్రత్త మాత్రం మన చేతిలో వుంది. పచ్చజొన్న పూతకు వచ్చాకనే కోయండి. బెట్ట పైరుకు నీరు పెట్టి, మళ్ళీ తేరుకొని యెదిగిన తరువాతనే కోయండి. ఖాళీ కడుపుతో గొడ్లను ఆ చేలోకి తోలవద్దు. ముందు కాస్త యెండుగడ్డి వెయ్యండి. పచ్చిగా తినిపించటం కంటే బాగా ఎండబెట్టిన చొప్ప మేలు. ఈ ఆమ్లం 26 డిగ్రీల వేడికే ఆవిరైపోతుంది. మన యెండలో యెంతసేపు నిలుస్తుంది? సగం వాడిన మేత మాత్రం అన్నిటికంటే చెడ్డది.

అనుమానం వుంటే పరీక్ష కూడా వున్నది. 1906లో గిన్యార్ అనే ఫ్రెంచి పండితుడు చెప్పినది. సోడియం పిక్రేటులో ముంచి ఆరబెట్టిన పసుపు కాగితం ముక్కను, నలిపిన ఆకు వేసిన సీసాలో ఆకుకు తగలకుండా వేలాడదీసి, మూత బిగిస్తారు. మీ దగ్గరి పశువైద్యశాలలో అడిగి చూడండి. చేలో నాలుగు చోట్ల నుంచి కోసిన ఆకులు వెంట తీసుకొని పోండి. కాగితం పసుపుగానే వుంటే సరే. ఇటుకరంగుకు తిరిగితే ఆ చేను ఇంకా గొడ్లకు కాదు.