తుపాకి అదియే, తూటా వేరు

కొడవలి మొద్దువారినచో కమ్మరి దానిని సానపట్టి మరల పొలమునకు పంపును. పాత సైనిక తుపాకులను గూడ ప్రభుత్వములు అట్లే సవరించి వాడుకొన్నవి. ఆ సవరణ రెండు దేశములలో రెండు విధములుగా నడచిన చరిత్రను నేడు మీకు విన్నవింతును.

1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకికి కాగితపు తూటాను పంటితో చించి, మందును గుండును గొట్టపు మూతినుండి దట్టింపవలసి యుండెను. ఆ తూటాకు పూసిన కొవ్వే 1857 నాటి సిపాయిల తిరుగుబాటునకు నిప్పురవ్వ యయ్యెను. 1866లో జేకబ్ స్నైడరు అను అమెరికా దేశీయుని ఉపాయము ననుసరించి, ఇంగ్లండులో ఆ తుపాకుల గొట్టము వెనుకభాగమును కోసి, తలుపువలె తెరచుకొను మూత నమర్చిరి. ఇత్తడిరేకు తూటాను వెనుకనుండియే పెట్టవచ్చును. నిమిషమునకు రెండు మూడుమారులు ప్రేలునది పదిమారులు ప్రేలసాగెను.

మన దేశమున కథ వేరు. 1857 పిదప, లోపల గాడులు లేని నున్నని గొట్టపు తుపాకులను సిపాయిలకిచ్చిరి. దూరమున వానికి గురి కుదరదు. ఆంగ్ల సైనికుడు మార్టినీ-హెన్రీని పట్టిన పిదపనే స్నైడరు దేశీయ సిపాయికి దక్కెను.

తరువాత 20వ శతాబ్దమున, కలకత్తాకు ఉత్తరముననున్న ఇషాపూరు కార్ఖానాలో .303 తుపాకులను మార్చిరి. .303 అనగా గొట్టపు రంధ్రము అంగుళములో వేయింట 303 వంతులని యర్థము. దానిని తొలిచి, గాడులను చెరిపి, .410 తూటాకు సరిపడునట్లు చేసిరి. ఒక్కొక్క తూటాయే పెట్టుటకు వీలగునట్లు తూటాల పెట్టె చోట కొయ్యముక్కను బిగించిరి. వీనిని పోలీసులకును కావలివారికిని ఇచ్చిరి. పైకి సైనికుని తుపాకియే. పనికి కోరలు పీకిన పాము. దాని తూటాను ఎవరైన దొంగిలించినను అది .303 తుపాకిలో పట్టదు.

ఊరినడుమ పోలీసువాని గుండు దూరము పోకుండుట మేలే గదా యని మీలో కొందరనవచ్చును. అదియు నిజమే. కాని ఇంగ్లండులో బలము పెంచిన పని ఇచట బలము తగ్గించుటకు జరిగినది. పనివారి నేర్పు రెండుచోట్ల నొక్కటియే. ప్రభువునకు ఆయుధము పట్టినవానిపై గల నమ్మికయే వేరని నాకు తోచుచున్నది.

1962 చైనా యుద్ధము తరువాత ఆ ఇషాపూరులోనే అదే తీరు తుపాకిని 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు చేసిరి. ఆ తూటా ఒత్తిడి హెచ్చు గనుక పాతవానిని సవరింపక, మేలైన ఉక్కుతో క్రొత్తవి చేసిరి. నాడు కోరలు పీకిన కార్ఖానాయే తిరిగి కోరలు పెట్టినది. అప్పటికి తుపాకి చేయించువారును, పట్టువారును మనవారే.