వీధి పిల్లుల సంరక్షణ, సంతాన నియంత్రణ: చరిత్ర

యజమాని లేకుండా నగరాల్లో బతికే పిల్లులను చంపకుండా బోనుతో పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే తిరిగి వదిలే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో అమలులో ఉంది. ట్రాప్, న్యూటర్, రిటర్న్ అనే మూడు మాటల తొలి అక్షరాలతో దీన్ని టీఎన్ఆర్ అని పిలుస్తారు. మనుషులకు మచ్చికయ్యే వయసులో ఉన్న కూనలను తిరిగి వదలకుండా పెంపకానికి ఇస్తారు. 1970లలో డెన్మార్క్, బ్రిటన్‌లలో రూపు దిద్దుకున్న ఈ పద్ధతికి 1991లో ఇటలీ జాతీయ చట్టపు హోదా ఇచ్చింది. పశువైద్యులు, శాసనకర్తలు దీని చరిత్రలో ఉన్నా, వారికంటే ముందు ఉన్నది రోజూ ఒకే వేళకు ఒకే సందుకు తిండి పట్టుకెళ్లిన మామూలు మనుషులు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఏ పిల్లి చూడిగా ఉంది, ఏ గండుపిల్లి కొత్తగా వచ్చింది, నిన్న కనిపించిన కూన ఈరోజు ఎందుకు లేదు అన్న లెక్క వారి దగ్గరే ఉండేది.

జీవ నేపథ్యం

ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రాగలదు. గర్భకాలం సుమారు 63 నుంచి 65 రోజులు. ఈతకు సగటున నాలుగు కూనలు పుడతాయి. గండుపిల్లితో కలిసిన తర్వాతే అండం విడుదలవుతుంది గనుక చూలు నిలవకపోవడం తక్కువ. కూనలు ఇంకా పాలు తాగుతుండగానే తల్లి మళ్ళీ చూడి కట్టవచ్చు. అయినా వీధులు పిల్లులతో నిండిపోకపోవడానికి కారణం చావులే. అమెరికాలోని నార్త్ కరోలినాలో వీధి పిల్లుల ఈతలను గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టిన కూనల్లో 75 శాతం ఆరు నెలలు నిండకుండానే చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగింది. వాహనాలు, కుక్కలు, జబ్బులు చేసే ఈ నియంత్రణను ఆపరేషన్‌తో భర్తీ చేయడమే టీఎన్ఆర్ ఉద్దేశం.

తొలి శతాబ్దాలు

ధాన్యపు కొట్లలో ఎలుకలను వెతుక్కుంటూ మనిషి దగ్గరికి వచ్చిన పిల్లి ప్రాచీన ఈజిప్టులో పూజలందుకుంది, ఓడలెక్కి ఖండాలు దాటింది, మధ్యయుగాల ఐరోపాలో దయ్యాల తోడుగా అనుమానానికి గురైంది. యజమాని లేని పిల్లులను ఏంచేయాలన్న ప్రశ్న 19వ శతాబ్దపు నగరాలతో మొదలైంది.

క్లోరోఫామ్ కాలం

లండన్‌లో మేరీ టీల్‌బీ 1860లో స్థాపించిన తప్పిపోయిన కుక్కల ఆశ్రమం తర్వాత బాటర్సీకి మారి, 1883 నుంచి పిల్లులను కూడా చేర్చుకుంది. ఆ రోజుల్లో దయ అంటే చాలామంది దృష్టిలో నొప్పిలేని చావు. న్యూయార్క్‌లో 1890లలో మిడ్‌నైట్ బ్యాండ్ ఆఫ్ మెర్సీ అనే మహిళల బృందం రాత్రిపూట బుట్టలతో వీధుల్లో తిరిగేది. క్యాట్నిప్ అనే మొక్క వాసనతో పిల్లులను దగ్గరికి రప్పించి, క్లోరోఫామ్‌తో చంపేది. ఆకలితో చచ్చేకంటే ఇదే మేలని ఆ స్త్రీలు మనసారా నమ్మారు. పొరుగువారి పెంపుడు పిల్లులు కూడా ఆ బుట్టల్లోకి వెళ్లడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. లండన్‌లోని కాక్స్‌టన్ హాల్‌లో 1927 మే నెలలో జరిగిన సభలో పిల్లుల కోసమే ప్రత్యేకంగా క్యాట్స్ ప్రొటెక్షన్ లీగ్ ఏర్పడింది. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైన తొలి రోజుల్లో లండన్‌వాసులు బాంబు దాడుల భయంతో తమ పెంపుడు కుక్కలను, పిల్లులను చంపించారు. ఆ సంఖ్య దాదాపు 4 లక్షలని అంచనా. యుద్ధం తర్వాత శిథిలాల్లో, ఆసుపత్రుల ఆవరణల్లో, కర్మాగారాల బాయిలర్ గదుల దగ్గర పిల్లుల గుంపులు స్థిరపడ్డాయి. వాటిని పట్టి చంపడం చీడ నిర్మూలన కంపెనీల పనిగా మారింది.

లండన్, 1960–1984

ఈ పాతికేళ్లలోనే పద్ధతి పూర్తిగా మారింది. చంపే బృందం వచ్చి వెళ్లిన కొన్ని నెలలకే అదే ఆవరణలో మళ్ళీ పిల్లులు కనిపించేవి. తిండి, గూడు రెండూ అక్కడే ఉండటంతో చుట్టుపక్కల పిల్లులు ఖాళీ అయిన చోటికి చేరేవి. మిగిలిన ఒకటి రెండు ఆడపిల్లుల ఈతలు ఆ లోటును పూడ్చేవి. రోజూ తిండి పెట్టేవారికి ఇది కళ్లెదుటి విషయం. లండన్‌లో తన ఇంటి దగ్గరి పిల్లులకు తిండి పెడుతూ వచ్చిన రూత్ ప్లాంట్ ఆ అనుభవంతోనే ఆపరేషన్ బాట పట్టారు. 1960లలో పేరున్న ఫ్యాషన్ మోడల్‌గా వెలిగిన సీలియా హామండ్ కూడా ఆ దశాబ్దం నుంచే వీధి పిల్లులను పట్టి ఆపరేషన్ చేయించేవారు. ఇద్దరూ కలిసి 1977లో క్యాట్ యాక్షన్ ట్రస్ట్‌ను ప్రారంభించారు. హామండ్ 1986లో తన పేరిట వేరే ట్రస్టు నెలకొల్పారు. 1995లో లూయిషామ్‌లో, 1999లో కానింగ్ టౌన్‌లో తక్కువ ఖర్చుతో ఆపరేషన్లు చేసే క్లినిక్‌లు తెరిచారు. గ్లామర్ రంగం వదిలి రాత్రుళ్లు గోదాముల వెనక బోను పెట్టుకుని కూర్చున్న ఈమె పట్టుదల ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది.

ఆపరేషన్ కంటే తేలికైన దారి కోసం వెతకకపోలేదు. విశ్వవిద్యాలయాల జంతు సంక్షేమ సమాఖ్య యూఫాలో పనిచేసిన పశువైద్యురాలు జెన్నీ రెమ్‌ఫ్రీ, తిండిలో మెజెస్ట్రాల్ అసిటేట్ అనే గర్భనిరోధక మందు కలిపి పెట్టి చూసి, ఫలితాలను 1978లో ప్రచురించారు. ఇలా మందు పెట్టాలంటే గుంపులో ప్రతి ఆడపిల్లికీ ఏళ్ల తరబడి మోతాదు తప్పకుండా అందాలి. బలమైన పిల్లి ముందుగా తినేసి, బెదురు పిల్లి చివర్న మిగిలింది నాకే చోట అది సాగేది కాదు. దాంతో బోను, కత్తి, కుట్టు అనే ఒక్కసారి పనివైపే అందరూ మొగ్గారు.

డెన్మార్క్‌లో అప్పటికే ఈ పని పద్ధతిగా సాగుతోంది. ఆపరేషన్ అయిన పిల్లిని దూరం నుంచే గుర్తుపట్టడానికి, మత్తులో ఉండగానే ఎడమ చెవి కొనను సుమారు ఒక సెంటీమీటరు మేర తిన్నగా కత్తిరించే అలవాటు అక్కడినుంచే వ్యాపించింది. ఆ చిన్న గుర్తు ఎంతో మేలు చేసింది. రంగు దారాలు, మెడపట్టీలు వీధిలో నిలవవు. పచ్చబొట్టు చూడాలంటే పిల్లిని చేత పట్టాలి. చెవి మొన లేని పిల్లి మాత్రం గోడమీద నడుస్తున్నా తెలిసిపోతుంది, అందువల్ల దాన్ని రెండోసారి బోనులో బెదరగొట్టే అవసరం రాదు.

1980 సెప్టెంబరులో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కాలేజీలో యూఫా నిర్వహించిన సదస్సు ఈ అంశంపై మైలురాయి. డెన్మార్క్ అనుభవం, బ్రిటన్ ఆసుపత్రుల్లోని గుంపుల లెక్కలు, తిండి పెట్టేవారి మాటలు ఒకే వేదిక మీదికి వచ్చాయి. సదస్సు పత్రాలు 1981లో వెలువడ్డాయి. జీవశాస్త్రవేత్త రోజర్ టేబర్ నగరపు పిల్లుల బతుకుపై రాసిన పుస్తకం 1983లో వచ్చింది. మరుసటి ఏడాది పీటర్ నెవిల్, రెమ్‌ఫ్రీ కలిసి ఆపరేషన్ అయిన రెండు గుంపులపై చేసిన పరిశీలనను వెటర్నరీ రికార్డ్ పత్రికలో ప్రచురించారు.

పని జరిగే తీరు అప్పటినుంచి పెద్దగా మారలేదు. ముందురోజు గుంపుకు తిండి ఆపుతారు. బోను అడుగున పాత న్యూస్‌పేపరు పరిచి, చివర్న ఉన్న తొక్కుడు పలక వెనక ఘాటు వాసన వచ్చే చేప ముక్క పెడతారు. పిల్లి లోపలికెళ్లి పలక తొక్కగానే తలుపు పడుతుంది. వెంటనే బోనుమీద మందపాటి గుడ్డ కప్పుతారు, చీకటి కాగానే పిల్లి గింజుకోవడం మానేస్తుంది. ఆడపిల్లికి అండాశయాలు, గర్భసంచి, గండుపిల్లికి వృషణాలు తొలగిస్తారు. మత్తు పూర్తిగా దిగాక, పట్టినచోటే బోను తలుపు ఎత్తుతారు.

రోమ్

రోమ్‌లో పిల్లులకు తిండి పెట్టే స్త్రీలను గత్తారే అంటారు. నగరం నడిబొడ్డున లార్గో ది తోర్రె అర్జెంతీనా అనే చోట 1920లలో జరిగిన తవ్వకాల్లో నాలుగు రోమన్ ఆలయాలు బయటపడ్డాయి. జూలియస్ సీజర్ హత్య జరిగిన పాంపే సభామందిరపు ఆనవాళ్లు కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్నాయి. వీధి మట్టానికి చాలా దిగువన, వాహనాల బెడద లేని ఆ గుంటలో పిల్లులు స్థిరపడ్డాయి. గత్తారేలు పైనుంచి మెట్లు దిగి వెళ్లి తిండి పెట్టేవారు. సినీనటి అన్నా మాన్యాని కూడా వారిలో ఒకరని చెబుతారు. 1990లలో లియా దెక్వెల్, సిల్వియా వివియాని రోడ్డు కింద మిగిలిపోయిన గుహలాంటి గదిలో ఆశ్రమాన్ని నడిపి, విరాళాలతో ఆపరేషన్లు చేయించారు.

ఇటలీ పార్లమెంటు 1991 ఆగస్టు 14న చేసిన 281వ నంబరు చట్టం ఈ చరిత్రలో అత్యంత ఉదాత్తమైన పత్రం. స్వేచ్ఛగా తిరిగే పిల్లులను హింసించరాదని అది శాసించింది. ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాటికి ఆపరేషన్ చేసి తమ గుంపులోకి తిరిగి చేర్చాలి. తీవ్రంగా జబ్బు చేసి, నయం కాని పిల్లిని తప్ప చంపకూడదు. జంతు సంక్షేమ సంఘాలు గుంపుల బాధ్యత తీసుకోవచ్చు. చాటుగా తిండి పెట్టి తిట్లు తిన్న గత్తారేల పనికి ఈ చట్టంతో గౌరవం దక్కింది. 2001లో నగర మండలి కొలోసియం, ఫోరం, తోర్రె అర్జెంతీనా పిల్లులను నగర జీవ, సాంస్కృతిక వారసత్వంలో భాగంగా గుర్తించింది. 2012లో పురావస్తు అధికారులు తోర్రె అర్జెంతీనా ఆశ్రమాన్ని ఖాళీ చేయమన్నప్పుడు ప్రజలు గట్టిగా అడ్డుపడ్డారు, ఆశ్రమం నిలిచింది.

రోమ్ నగరమంతటా వచ్చిన ఫలితాలను యుజేనియా నతోలి, సహచరులు 2006లో ప్రచురించారు. 1991 నుంచి 2000 వరకు దాదాపు 8,000 పిల్లులకు ఆపరేషన్లు జరిగాయి. 103 గుంపులను సర్వే చేస్తే, మూడు నుంచి ఆరేళ్లలో మొత్తం సంఖ్య 16 నుంచి 32 శాతం తగ్గినట్టు తేలింది. అయితే కొత్తగా వచ్చి చేరే పిల్లులు దాదాపు 21 శాతం, వాటిలో మనుషులు తెచ్చి వదిలేసినవి కూడా ఉన్నాయి. పెంపుడు పిల్లుల యజమానులకు నచ్చజెప్పకుండా వీధిలో ఎన్ని ఆపరేషన్లు చేసినా శ్రమ వృథా అవుతుందని పరిశోధకులు కుండబద్దలు కొట్టారు.

అమెరికా

ఎలెన్ పెర్రీ బర్క్‌లీ 1982లో రాసిన మావెరిక్ క్యాట్స్ పుస్తకం అమెరికన్లకు యజమాని లేని పిల్లి బతుకును పరిచయం చేసింది. 1990లో లూయీజ్ హోల్టన్, బెకీ రాబిన్సన్ వాషింగ్టన్‌లో ఆలీ క్యాట్ ఎలైస్ సంస్థను స్థాపించారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్ రేవు పట్టణంలో 1992లో సుమారు 300 పిల్లులతో మొదలైన పని, 2009లో వాటిలో చివరిదైన జోరో వయసుమీరి చనిపోవడంతో ముగిసింది. ఓర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1991 నుంచి 11 ఏళ్లు గమనించిన 155 పిల్లుల కథను జూలీ లెవీ బృందం 2003లో ప్రచురించింది. వాటిలో దాదాపు సగం పెంపకానికి వెళ్లాయి, ప్రాంగణంలోని సంఖ్య 68 నుంచి 23కు దిగింది. అదే ఏడాది మయామీలోని రెండు పార్కుల అధ్యయనం దీనికి విరుద్ధంగా చెప్పింది. తిండి దొరుకుతుందని తెలిసి జనం అక్కడే పిల్లులను వదిలివెళ్లడంతో సంఖ్య తగ్గలేదు.

పక్షి ప్రేమికుల అభ్యంతరం బలమైనది. 2013లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయి, ఎక్కువభాగం యజమాని లేని పిల్లులే. ద్వీపాల్లో, అభయారణ్యాల పక్కన టీఎన్ఆర్ సరిపోదన్న వాదనను సంరక్షకులు కూడా తోసిపుచ్చలేరు. గుంపులో 70 శాతానికి పైగా పిల్లులకు ఆపరేషన్ జరగాలన్నది ఇప్పుడు చాలామంది చెప్పే మాట. ఇజ్రాయెల్‌లోని రిషోన్ లెజియోన్ నగరంలో 12 ఏళ్లు జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనం దానికి మరో షరతు చేర్చింది. పక్కపక్క వాడలన్నిటిలో ఒకేసారి, ఎడతెగకుండా పనిచేస్తేనే సంఖ్య దిగింది. చెదురుమదురుగా చేసినప్పుడు పక్కవీధి పిల్లులు వచ్చి లోటు పూడ్చాయి.

ఇతర నగరాలు

జపాన్‌లో యొకొహామా నగరపు ఇసోగో వార్డు నుంచి 1990ల చివర్లో ‘వాడ పిల్లి’ భావన వ్యాపించింది. వాడవాసులే తిండి, శుభ్రత, ఆపరేషన్ బాధ్యత పంచుకుంటారు. సింగపూర్ 1998లో వీధి పిల్లుల పునరావాస పథకం పెట్టి, 2003లో సార్స్ సమయంలో ఆపేసింది. ప్రభుత్వ గృహసముదాయాల్లో పిల్లులపై ఉన్న దశాబ్దాల నిషేధాన్ని 2024 సెప్టెంబరు 1 నుంచి సడలించి, ఇంటికి రెండు పిల్లులను అనుమతించింది. ఇస్తాంబుల్ పిల్లులకు 2016లో కెది అనే డాక్యుమెంటరీతో ప్రపంచ ఖ్యాతి వచ్చింది.

భారతదేశం

మన దేశంలో వీధి జంతువుల విధానమంతా కుక్కల చుట్టూనే నడిచింది. 1960 జంతు హింసా నివారణ చట్టం పిల్లులకు కూడా వర్తిస్తుంది. చెన్నైలో 1959లో మొదలైన బ్లూ క్రాస్ 1960ల మధ్య నుంచే కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు చేపట్టింది. కేంద్రం 2001లో ఇచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల పేరులోనే కుక్కలని ఉంది. రేబిస్ భయం కుక్కతోనే ముడిపడి ఉండటం ఇందుకు ప్రధాన కారణం. చేపల మార్కెట్లలో, హోటళ్ల వెనక, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఈనే పిల్లులు ఏ శాఖ లెక్కలోకీ రాలేదు. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి స్వచ్ఛంద సంస్థలు కుక్కలతోపాటు పిల్లులకు కూడా చికిత్స అందించాయి. నగరపాలక సంస్థల్లో ముంబయి 2019లో పిల్లుల ఆపరేషన్ల కార్యక్రమం ప్రారంభించింది.

2023 మార్చిలో వచ్చిన కొత్త జంతు జనన నియంత్రణ నియమాలు పేరులోంచి కుక్కలనే మాట తీసేశాయి. ఎవరి సొంతమూ కాక వాడలో పుట్టిపెరిగిన జంతువును సామాజిక జంతువుగా నిర్వచించాయి. అటువంటి జంతువులకు తిండి పెట్టే ఏర్పాటు నివాసుల సంఘాలు, అపార్ట్‌మెంట్ యజమానుల సంఘాలు, స్థానిక సంస్థల బాధ్యత అని 20వ నియమం చెబుతుంది. తిండి పెట్టే చోటు పిల్లల ఆటస్థలాలకు, రాకపోకల ద్వారాలకు దూరంగా ఉండాలి, వేళ కూడా పిల్లలు, వృద్ధులు తిరిగే సమయాన్ని బట్టి నిర్ణయించాలి. కుక్కలను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమమే అయినా, సెల్లార్‌లో పిల్లికి గిన్నెడు తిండి పెట్టే మనిషి కూడా పొరుగువారితో మాట్లాడేటప్పుడు చూపించగల కాగితం ఇదే.