ఈత (పశువులు)

పాడిపశువుల సందర్భంలో ‘ఈత’ అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ‘ఈను’ నుంచి వచ్చిన ఈత ప్రసవం. తొలి ఈత, రెండో ఈత అంటూ సంతలో బేరమాడేటప్పుడు లెక్కపెట్టేది దాన్నే. ‘ఈదు’ నుంచి వచ్చినది నీటిలో తేలుతూ ముందుకు సాగడం. ఈ వ్యాసం రెండో దానికే పరిమితం. ఆవు, ఎద్దు, గేదె, దున్న అన్నీ ఈదగలవు. వాటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొద్ది రోజుల దూడ కూడా లోతులో పడితే కాళ్లాడిస్తుంది, అయితే త్వరగా అలసిపోతుంది. తెలంగాణలో గేదెను బర్రె అంటారు కాబట్టి హైదరాబాద్ ప్రస్తావన వచ్చినచోట ఇక్కడ ఆ మాటే వాడాం.

ఆవు ఈదలేదని, వెనుక భాగం నుంచి నీళ్లు లోపలికి చేరి మునిగిపోతుందని ఒక ప్రచారం ఉంది. ఇది నిజం కాదు. గుదద్వారాన్ని మూసి ఉంచే కండరం మిగతా క్షీరదాలకు ఉన్నట్టే పశువుకూ ఉంది. అసలు పశువు తేలడానికి కారణం దాని పొట్టలోనే ఉంది. నెమరువేసే జంతువు మొదటి పొట్ట ఎదిగిన పశువులో వంద లీటర్లకు పైగా పట్టే తిత్తి. అందులో మేత పులుస్తూ ఉండటం వల్ల పైభాగాన ఎప్పుడూ వాయువు నిలిచి ఉంటుంది. దానికి ఊపిరితిత్తుల గాలి తోడైతే శరీరం నీటి కంటే కొంచెం తేలికవుతుంది. నేల మీద దుడుకు నడకలో కాళ్లు ఎలా ఆడతాయో నీటిలోనూ ఇంచుమించు అలాగే ఆడతాయి. వీపు మునిగి, తల మాత్రం పైకి ఉంటుంది.

గేదె సంగతి మరింత వేరు. దాని చర్మంలో స్వేదగ్రంథులు ఆవుకున్న వాటిలో దాదాపు ఆరో వంతే ఉంటాయని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. పైగా నల్లని చర్మం. ఎండాకాలంలో ఒళ్లు చల్లబరుచుకోవడానికి దానికి నీరో బురదో కావాలి. ఆవు అవసరమైతేనే నీటిలోకి దిగుతుంది, గేదె దిగాలనే దిగుతుంది. ముక్కుపుటాలు, కళ్లు, కొమ్ములు తప్ప ఏమీ కనిపించకుండా గంటల తరబడి ఉండగలదు. ఒడిశాలోని చిలికా గేదెలు రాత్రివేళ ఉప్పు కలిసిన సరస్సు నీటిలోకి వెళ్లి నాచు, గడ్డి మేసి తెల్లవారేసరికి గట్టుకు చేరతాయి.

పశువులు ఈదగలవన్న విషయం తెలుగువారికి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. ‘కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదినట్టు’ అనే సామెతలోని ఎగతాళి కుక్క మీద మాత్రమే. ఏరు దాటేటప్పుడు ఎద్దు తోకో గేదె తోకో పట్టుకోవడం పశువులు కాసేవారికి మామూలు పని. చనిపోయినవారు ఆవు తోక పట్టుకొని వైతరణి దాటుతారన్న నమ్మకం, దాని కోసం చేసే గోదానం కూడా ఈ అనుభవం మీదే నిలబడ్డాయని అనుకోవడానికి వీలుంది. రుజువు చేయడం కష్టమైనా, ఈదలేని జంతువును ఆ పనికి ఎవరూ ఎంచుకోరు. గోదావరి లంకల్లో నీరు తగ్గిన నెలల్లో మేతకు పశువులను పాయ దాటించడం పాత అలవాటు. లోతు తక్కువైతే నడుస్తాయి, మధ్యలో కొంత దూరం ఈదుతాయి. వరదొస్తే మాత్రం పడవలు, పంట్ల మీద ఒడ్డుకు చేరుస్తారు.

ఇలాంటి దాటింపులు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. స్కాట్లాండ్‌లో స్కై దీవి పశువులను కైల్‌రియా జలసంధి మీదుగా ఈదించి సంతలకు తోలేవారు. తాడును కింది దవడకు కట్టి, నాలుకను వదులుగా ఉంచి, ఒకదాని తాడును ముందున్న దాని తోకకు ముడివేసేవారు. మాలీ దేశంలో ఫులానీ పశుపాలకులు ఏటా దియాఫరాబే దగ్గర నైజర్ నదిని మందలతో దాటే వేడుకను యునెస్కో 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

హైదరాబాద్‌లో బర్రెకూ నీటికీ ఉన్న సంబంధాన్ని గమనించడానికి చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతం తగిన చోటు. దీనికి ఎగువన హుస్సేన్‌సాగర్, దిగువన మూసీ. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌షా వలీ కట్టించిన ఈ చెరువు 1562లో పూర్తయిందని కొందరు, 1563లో అని మరికొందరు రాశారు. నగరం 1591లో వెలిసిందన్న లెక్కన ఏది సరైనదైనా ఊరి కంటే చెరువే పెద్దది. దాని అలుగు నీరు అశోక్‌నగర్ పక్కగా, నల్లకుంట, గోల్నాకల మీదుగా నాలాగా పారి మూసీలో కలుస్తుంది. వాగు స్వభావం పోయి మురుగుకాలువగా మారాక ఆ నీరు పశువుకు పనికిరాకుండా పోయింది. 2000 ఆగస్టు 24 నాటికి ఒక్కరోజులో బేగంపేటలో 24 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు అలుగు నీరు నాలా దాటి ఈ చుట్టుపక్కల బస్తీలను ముంచింది. ఇప్పుడు నాలాకు చాలాచోట్ల నిలువు గోడలున్నాయి. ఇళ్లకు అవి రక్షణే. కానీ నాలాలో పడిన పశువు ఎంత బాగా ఈదినా ఆ గోడ ఎక్కలేదు. వాలుగా ఉన్న మట్టిగట్టు దానికి మెట్ల వంటిది, నిలువు కాంక్రీటు గోడ ఉరి వంటిది.

నారాయణగూడ వైఎంసీఏ కూడలిలో దీపావళి తర్వాత జరిగే సదర్ దున్నపోతుల ఉత్సవం. పాల వ్యాపారం చేసే యాదవ కుటుంబాలు దీన్ని నడుపుతాయి. ఇక్కడ దీనికి పునాది వేసినది న్యాయం చౌదరి మల్లయ్య యాదవ్ అని చెబుతారు. ఏడాది 1946 అన్నది తరచూ కనిపించే లెక్క. ఖచ్చితమైన ఏడాది మీద పట్టు పట్టకుండా 1940ల దశకం అనడం క్షేమం. 2024లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. నూనె పట్టించి, పూలదండలు వేసి, డప్పుల మధ్య ముందుకాళ్లు పైకెత్తి నిలబెట్టే దున్నల్లో హర్యానా నుంచి వచ్చే ముర్రా జాతివి ముఖ్యమైనవి. హర్యానా పల్లెల్లో జోహడ్ అనే ఊరి చెరువులో మధ్యాహ్నాలు గడపడం ముర్రాలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడ వాటికి దక్కేది పైపు నీటి స్నానం. ఒళ్లు చల్లబడటానికి అది చాలుతుంది. కాళ్లు నేల విడిచి తేలే వ్యాయామం మాత్రం అందులో ఉండదు.

ఈత వచ్చిన జంతువులు వరదల్లో ఎందుకు చనిపోతాయన్నది ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో మనుషుల మరణాలు అధికారిక లెక్కల్లో పదివేల దాకా ఉన్నాయి. పశునష్టం అంకెలు పదుల వేల నుంచి లక్షల దాకా ఒకదానికొకటి పొసగవు. ఉప్పెన వేగానికి ఏ ఈతా చాలదు. కానీ నెమ్మదిగా పెరిగే నది వరదలో చావుకు ఎక్కువగా కారణమయ్యేది ఈత రాకపోవడం కాదు, మెడలోని పలుపు. గుంజకు కట్టిన పశువు తాడు పొడవు వరకే తేలగలదు. కొబ్బరిపీచు, జనపనార తాళ్లు తడిస్తే ముడి బిగుసుకుంటుంది, నైలాన్ తాడు తెగదు. కట్టు విడిపించుకున్నవాటికి తర్వాతి ప్రమాదాలు అలసట, కంచెలు, కాళ్లు దిగబడే బురద. చూడి పశువులు, అప్పుడే ఈనినవి ముందుగా డస్సిపోతాయి. అందుకే వరద హెచ్చరిక వినగానే కట్లు విప్పేయాలని పశుసంవర్ధక సిబ్బంది చెబుతారు. ఆ వ్యవధి కూడా లేనిచోట, వానాకాలం మొదటి నుంచే ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేయాలి.

ఒడ్డు చేరిన పశువును క్షేమంగా బయటపడిందని వదిలేయకూడదు. ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఉంటే ఒకటి రెండు రోజులకు న్యుమోనియా రావచ్చు. చాలాసేపు నానిన గిట్టల మధ్య కుళ్లు పడుతుంది. ఒళ్లు తుడిచి, పొడినేల మీద నిలబెట్టి, ఎండుగడ్డితో మొదలుపెట్టడం, దగ్గు, వేగంగా ఊపిరి తీయడం కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపడం అవసరం.