రోటావాక్: ఒక టీకా వెనుక ముప్పై ఏళ్ల ఉమ్మడి శ్రమ

రోటావాక్ టీకాకు మూలమైన వైరస్ 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, అప్పుడే పుట్టిన పిల్లల్లో కనబడింది. పసిపిల్లలను నీళ్ల విరేచనాలతో ఆసుపత్రి పాలు చేసే రోటావైరస్‌ను 1973లోనే మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించింది. ఎయిమ్స్ శిశువుల విషయంలో మాత్రం ఒక వింత ఉంది. వైరస్ సోకినా వాళ్లకు జబ్బు చేయలేదు; పైగా పెరిగే కొద్దీ తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి రక్షణ కనిపించింది. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ బృందం పట్టుకున్న ఈ రకానికి 116ఇ అని పేరు పెట్టారు. మనిషికి సోకే రోటావైరస్‌లో పశువుల వైరస్ జన్యువొకటి తనంతట తానే వచ్చి చేరిన రకమిది. దాదాపు అదే కాలంలో బెంగళూరు శిశువుల్లో ఐ321 అనే మరో రకం దొరికింది.

వైరస్ దొరకడానికీ టీకా రావడానికీ మధ్య దూరం చాలా పెద్దది. ఆ దూరాన్ని ఏ ఒక్క సంస్థా దాటగలిగేది కాదు. 1987లో మొదలైన భారత్-అమెరికా టీకా కార్యక్రమం కింద వైద్యులు, వైరస్ శాస్త్రవేత్తలు ఒకచోట చేరారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నుంచి రోజర్ గ్లాస్, స్టాన్‌ఫోర్డ్ నుంచి హ్యారీ గ్రీన్‌బర్గ్ తోడయ్యారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, పాత్ అనే ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ అండగా నిలిచాయి. తయారీ బాధ్యత 1996లో హైదరాబాద్‌లో మొదలైన భారత్ బయోటెక్‌కు దక్కింది.

ఇలాంటి పనుల్లో జాప్యం ఎక్కువగా ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పని మారే చోటే జరుగుతుంది. పరిశోధకుడికి కావలసింది వైరస్ గుణం. కర్మాగారానికి కావలసింది ప్రతి బ్యాచ్‌లోనూ మారని మోతాదు. ఔషధ నియంత్రణ అధికారులకు కావలసింది ప్రతి మెట్టుకూ రాతపూర్వక రుజువు. ఈ ముగ్గురి అవసరాలూ ఒకేసారి తీరాలి. ఢిల్లీ, బెంగళూరుల్లో దొరికిన రెండు రకాల్లో దేన్ని ముందుకు తీసుకెళ్లాలో శిశువుల మీద జరిగిన తొలి పరీక్షలు తేల్చాయి: 116ఇ రోగనిరోధక శక్తిని మెరుగ్గా రేకెత్తించింది, ఐ321 పక్కకు తప్పుకుంది. ఈలోగా 1999లో అమెరికాలో రోటాషీల్డ్ అనే రోటావైరస్ టీకాను వెనక్కి తీసుకున్నారు. అరుదుగా కొందరు పిల్లల్లో పేగు తన పక్క భాగంలోకే చొచ్చుకుపోవడం అందుకు కారణం. అప్పటినుంచి ఏ రోటావైరస్ టీకాకైనా ఈ భద్రతా ప్రశ్న తప్పలేదు.

ధరను ముందే నిర్ణయించుకోవడం ఈ పథకంలోని అత్యంత తెలివైన నిర్ణయం. డోసు ఒక డాలరుకు అందిస్తామని భారత్ బయోటెక్ మాట ఇచ్చింది. ఆ మాటతో తయారీ విధానం ఎంత ఖర్చులో ఇమడాలో ముందే స్పష్టమైంది.

మూడో దశ పరీక్షలు 2011లో ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో మొదలయ్యాయి. 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. 6, 10, 14 వారాల వయసులో నోటి చుక్కలుగా మూడు డోసులు వేశారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి ఉత్తుత్తి మందు. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాది టీకా సుమారు 56 శాతం అడ్డుకుంది. ఈ అంకె చిన్నదిగా తోచవచ్చు. అయితే ఆసియా, ఆఫ్రికా పేద దేశాల్లో విదేశీ టీకాల ఫలితాలూ దాదాపు ఇలాగే ఉన్నాయి. జబ్బు భారం అంతగా ఉన్న చోట ఆ మాత్రం రక్షణే ఎందరో పిల్లల ప్రాణం నిలుపుతుంది.

2014లో అనుమతి లభించింది. 2015 మార్చిలో ప్రధాని నరేంద్ర మోదీ టీకాను ఆవిష్కరించారు. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి రోటావైరస్ టీకాను ముందుగా తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇవ్వడంతో ఐక్యరాజ్యసమితి సంస్థలు కొనేందుకు దారి తెరుచుకుంది.

ఏడువేలలోపు పిల్లల పరీక్షలో అరుదైన పేగు సమస్య బయటపడకపోవచ్చు. అందుకే టీకా వాడకంలోకి వచ్చాక కూడా పలు రాష్ట్రాల ఆసుపత్రుల్లో నిఘా కొనసాగించారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల్లో రోటావాక్ వల్ల ఆ ముప్పు పెరిగినట్లు కనిపించలేదు.