అరుగు మీద ఆట, గడియారం ముందు ఆట

పాతకాలం అరుగుల మీద ఆడిన చదరంగానికి గడియారం లేదు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపే ఇప్పటి కాస్లింగ్ లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఎత్తులు రాసిపెట్టే అలవాటు లేదు కాబట్టి ఎంత గొప్ప ఆటైనా చూసినవాళ్లతోనే పోయింది. ఆ నష్టం తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఈరోజు హైదరాబాద్ శివారు మేడ్చల్, శామీర్‌పేట పిల్లలు ఇద్దరు టోర్నమెంటులో ఎదురుపడితే పద్ధతి వేరు. చేతులు కలుపుతారు, గడియారం నొక్కుతారు, ప్రతి ఎత్తూ కాగితం మీద రాస్తారు. ముట్టుకున్న పావును కదపాల్సిందే. ఇంట్లో ఏనుగు, శకటు అన్నవే అక్కడ రూకు, బిషప్పు.

తెలుగువాళ్లలో ఈ ఆటను ప్రపంచ స్థాయికి తీసుకెళ్లింది మహానగరం కాదు, చిన్న నగరాలు, పట్టణాలు. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రి అశోక్ 'చాంపియన్' అన్న మాటలోంచే పేరు తీశారు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి కూతురికి ఆట నేర్పారు. 1997లో ఆమె పదేళ్లలోపు బాలికల ప్రపంచ విజేత. 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా పన్నెండేళ్లలోపు టైటిల్‌ను మగపిల్లలతో ఆడి గెలిచింది. 2002లో, 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, మహిళల్లో అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన జుడిట్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. గుంటూరు నుంచి పెంటేల హరికృష్ణ అంతకు ముందు ఏడాదే ఆ హోదా అందుకున్నాడు. ద్రోణవల్లి హారిక 2011లో. దేశంలో గ్రాండ్‌మాస్టర్ అయిన తొలి ఇద్దరు మహిళలూ కోస్తా పట్టణాల ఆడపిల్లలే!

2002 అక్టోబరులోనే ప్రపంచకప్ హైదరాబాద్‌కు వచ్చింది. రామోజీ ఫిల్మ్ సిటీలో విశ్వనాథన్ ఆనంద్ గెలిచాడు.

తర్వాత వంతు వరంగల్‌ది. హనుమకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2018లో పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్. 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగ్ 2801. భారతీయుల్లో అంతకు ముందు 2800 దాటింది ఆనంద్ ఒక్కడే.

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నాగపూర్ వెళుతుంది. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన మూడేళ్లకు, 2005లో, ఆ నాగపూర్‌లో దివ్యా దేశ్‌ముఖ్ పుట్టింది. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ ఈ ఇద్దరి మధ్యే. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. మొదటి ర్యాపిడ్ కూడా డ్రా. రెండో ర్యాపిడ్‌లో గడియారం తరుముతుంటే హంపి తడబడింది. నల్లపావులతో దివ్య గెలిచింది, దాంతోపాటే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ ఆటలో ప్రతి ఎత్తూ రాసి ఉంది. మేడ్చల్‌లో ఏ పిల్లైనా బల్ల మీద పావులు పేర్చి, హంపి తడబడిన చోట ఆగి, తనైతే ఏ ఎత్తు వేసేదో వెతుక్కోవచ్చు.